బియ్యం డబ్బాలో ఫోను

పొద్దున ఏడుకి ఫోన్ని బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టినా.
రెండు శేర్ల సోనామసూరి కింద
అది బతికే ఉండాది.
గుర్రుమంటే గింజలు కదుల్తాయి.
మొదటి రోజు ఎలకేమో అనుకుని
చీపురు తీసుకున్నా.

కొర్లగుంట, మిద్దె మీద రేకుల గది.
"ఇంట్లోనే ఉంటాది, ఏం పని చేస్తాదో ఏమో" అని
కింద కొళాయి కాడ నా గురించి ఒక మాట ఉండాది.
తప్పేం లేదు,
సాయంత్రానికి నాకూ అదే అనుమానం.

ఈ వారం నా పని ఒక పసుపు.
చిత్తూరు కాడ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ,
దొరస్వామి నాయుడు గారిది.
పదకొండు పసుపులు పంపినా.
"ఇది పసుపుకొమ్ము పాపా,
ఇది ఆటో.
ఇదైతే కామెర్లు.
మా తోతాపురి పసుపు యాడ?"

కోటీ అరవై ఏడు లక్షల రంగుల్లో
యాడనో ఒకటి.
వెతకను ఒక ట్యాబ్ తెరిచినా.
అది ఇంకోదాన్ని కనింది.
మధ్యాహ్నానికి ముప్పైనాలుగు పిల్లలు,
ఏ పిల్లను ఎందుకు సాకతా ఉండానో తెలీదు:
మంచులో గుడ్లు పెట్టే ఏదో పక్షి,
ఎనిమిదో తరగతిలో నా పక్కన కూచున్న శైలజ చీర,
ఫ్యాన్ రెక్కలు తుడిచే సులువైన పద్ధతి.
ఫ్యాన్ మాత్రం తుడవలేదు.

దృష్టి నిలిపే యాప్ ఒకటి కొన్నా ఆ మధ్య.
నిలిపినావా, నిలిపినావా అని
అరగంటకోసారి అడిగి చంపింది.

కింద పోర్షన్లో చెంగల్రాయుడన్న,
కొండ మీద కల్యాణకట్టలో కత్తి పని.
నైట్ డ్యూటీ దిగొచ్చి మెట్ల మీద కూచుంటాడు,
చొక్కా మడతల్లో ఏ ఊరివో వెంట్రుకలు.
అంత క్యూ చూస్తే మనసు చెదరదా అన్నా, అని
ఒక దినం అడిగినా.
"తల చేతిలో ఉన్నంతసేపు చెదరదు మా.
చెదిరితే నెత్తురొస్తాది గదా."
పెద్ద మాట విన్నట్టు తలూపి
మెట్లెక్కతా వెనక్కి చూస్తే
ఆయన రీల్స్ చూస్తా
ఇడ్లీ ముక్కను చట్నీలో కాదు,
నీళ్ల గ్లాసులో ముంచతా ఉండాడు.

నా పనిలో నెత్తురు రాదు. అదే తంటా.
బటన్ నాలుగు పిక్సెల్స్ పక్కకి జరిగితే
ఏ నెత్తికీ గాటు పడదు.

రాత్రికి కిటికీలో కొండ.
ఘాట్ రోడ్డు మీద బస్సు దీపమొకటి
వంపులో మాయమై
పై వంపులో మళ్లీ తేల్తాది.
అది తేలేదాకా డబ్బా మూత ముట్టను.
నేను కనిపెట్టుకున్న గడియారం ఇది,
కీ ఇయ్యక్కర్లా, చార్జింగ్ అక్కర్లా.
కొన్ని రాత్రులు పని వదిలేసి
బస్సునే చూస్తా కూచుంటా.
అదీ ఒక ట్యాబే అని
ఆలస్యంగా తెలుస్తాది.

అర్ధరాత్రి దాటితే అలిపిరి కాడ గేటేస్తారు,
కొండదారికి కూడా కాసేపు నిద్ర.
నా దారికి గేటు లేదు.
రోటర్‌డామ్‌లో ఒకాయన
అన్నం తిని, చెయ్యి కడుక్కుని,
నాకు ఒంటిగంటప్పుడు
"చిన్న మార్పు" అంటాడు.

నిన్న కరెంటు పోయింది.
ల్యాప్‌టాప్ ఒక గంట ఓర్చుకుని కన్ను మూసింది.
తోపుడుబండిలో బేరమాడి తెచ్చిన కాయ
చీకట్లో, కత్తి లేకుండా, పళ్లతోనే.
రసం మోచేతిదాకా.
రంగెట్లుందో తెలీలేదు.
ఎన్నాళ్లకో ఒక పనిని
మొదలు నుంచి టెంకదాకా చేసినా.

తెల్లారి చూస్తే కరెంటు బిల్లు మీద
ఒక చుక్క ఎండి ఉండాది.
బిల్లును స్క్రీన్ కానించి పట్టుకుని
కొంచెం ఎరుపు, ఇంకొంచెం,
కాదు, వెనక్కి,
ఇప్పుడు.
పన్నెండోది పంపినా.

ఎసరు మరగతా ఉండాది.
డబ్బా అడుగు నుంచి గుర్రుమంటా ఉండాది,
నాయుడు గారో, రోటర్‌డామో, పక్షి గుడ్లో.
గిద్దెడు బియ్యం ఎట్లైనా కావాలి గదా.
చెయ్యి పెట్టినా.
ముందు ఏది తగిలిందో
చెప్పను.